తలుపు లేని కారు

మా వదిన దగ్గర పని చేసేవాళ్లకి దేనికి కరువొచ్చినా ఇసుకకి మాత్రం రాదు. నా చేతిసంచీలో ఇసుక, చెప్పుల్లో ఇసుక, తాళాల గుత్తిలో ఇసుక. టీ కప్పు అడుగున పంచదార కరగలేదేమోనని చెంచాతో తిప్పితే కరకరమంటుంది. సాయంత్రం తాళం వేసే ముందు శుభ్రంగా ఊడుస్తాను. మర్నాడు తలుపు తీసేసరికి మళ్లీ కాళ్ల కింద గరగరలాడుతుంది. ఈ ఇసుక గుడ్లు పెట్టి పిల్లల్ని చేస్తోందేమో వదినా అంటే ఆవిడ నవ్వదు. "పిల్లలొచ్చే చోట ఇసుక కాకపోతే ఇంకేముంటుంది?" అంటుంది, అదేదో జవాబైనట్టు.

వదినంటే మా అన్నయ్య భార్య. పిల్లల సైకాలజిస్ట్. డాక్టరు కాదు. ఆ సంగతి ఆవిడే రోజూ వచ్చినవాళ్లందరికీ చెబుతుంది, వాళ్లు "అలాగే డాక్టరుగారూ" అంటారు. పిల్లలు మాత్రం ఇసుకత్త అని పిలుస్తారు. దానికి పలుకుతుంది. నా ఉద్యోగం పోయి ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్న రోజుల్లో, "ఫోను తీయడానికి మనిషి కావాలి, కొన్నాళ్లు రా" అంది. కొన్నాళ్లు అన్న మాటకి ఆవిడ లెక్కలో అర్థమేమిటో నాకింకా తెలీదు.

కుట్టుమిషన్ల షాపు పైన మూడు గదులు మావి. ముందు గదిలో నేను, నా బల్ల, గోడవారగా కుర్చీలు. రెండోది పరీక్షల గది. అక్కడ రంగు దిమ్మలు పేర్చడం, అంకెలు విని వెనకనుంచి చెప్పడం, ఒక బొమ్మ చూసి గీసి, కాసేపయ్యాక చూడకుండా మళ్లీ గీయడం లాంటివి చేయిస్తుంది. మూడోది ఇసుక గది. నడుమెత్తున రెండు ట్రేలు, ఒకదాంట్లో పొడి ఇసుక, ఒకదాంట్లో తడిది. ట్రే అడుగున నీలం రంగు వేసి ఉంటుంది. ఇసుక పక్కకి తోస్తే నీళ్లలా కనబడుతుంది. గోడ పొడుగునా అరలు, అరల నిండా వేలెడంత బొమ్మలు: మనుషులు, జంతువులు, ఇళ్లు, బళ్లు, పాములు, వంతెనలు. పిల్ల వస్తుంది, కావలసినవి తీసుకుంటుంది, ఇసుకలో పెట్టుకుంటుంది. వదిన పక్కన ఓ పొట్టి స్టూలు మీద కూర్చుని చూస్తుంది. అంతే. ఏమిటిది అని అడగదు, ఇలా పెట్టు అని చెప్పదు. ఆ కూర్చోవడం వల్లే మోకాళ్లు రెండూ పోయాయి. నూనె రాసేది నేను.

ఇంతకు ముందు ఆవిడ పెద్దాసుపత్రిలో, న్యూరో వార్డులో చాలా ఏళ్లు పనిచేసింది. జ్వరం తలకెక్కి లేచిన పిల్లలు, మేడమీంచి పడ్డ పిల్లలు, మూర్ఛలొచ్చే పిల్లలు. ఎవరికి ఏం గుర్తుంటోంది, ఏం జారిపోతోంది, దెబ్బ ఎక్కడిదాకా వెళ్లింది అన్నది పరీక్షలు పెట్టి తేల్చేది. తల్లిదండ్రులు ఒకటే ప్రశ్న అడిగేవాళ్లు: నూటికి ఎంతొచ్చింది? ఆవిడ గంటసేపు వివరంగా చెప్పేది. వాళ్లు శ్రద్ధగా విని, "అయితే నూటికి ఎంతన్నట్టు?" అనేవాళ్లు. దెబ్బ కొలవడం తనకి వచ్చింది గానీ భయాన్ని కూర్చోబెట్టడానికి ఆ వార్డులో కుర్చీ కూడా లేదని విసుగెత్తి, నడివయసులో మళ్లీ చదువుకెళ్లి ఈ ఇసుక పని నేర్చుకుంది. "ఇంత చదివి చివరికి ఇసుకలో ఆడుకుంటోంది" అని అన్నయ్య తన స్నేహితులకి చెప్పేవాడు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు.

ఈ గదికి కొన్ని కట్టుబాట్లున్నాయి. పిల్ల కట్టుకున్నదాన్ని పిల్ల ముందు చెరపకూడదు. పిల్ల మెట్లు దిగి వెళ్లాక నేను ఫోటో తీసి, బొమ్మలన్నీ దులిపి, ఏ అరలోది ఆ అరలో, అంగుళం తేడా లేకుండా పెట్టాలి. మళ్లీ వారం వచ్చిన పిల్ల చూడకుండా చెయ్యి చాపినా తన బొమ్మ తనకి దొరకాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది కింది అర. అందులో ఉండేవన్నీ విరిగినవే. తోక లేని ఆవు, ముక్కు పోయిన రాణి, పైకప్పు ఎగిరిపోయిన ఇల్లు. మొదట్లో నేను వాటిని చెత్తబుట్టలో వేయబోతే నా చెయ్యి పట్టుకుని ఆపింది. "బాగున్నవాటిని ముట్టుకోవడానికి జంకే పిల్లలుంటారు. వాళ్లు ముందు ఇక్కడికే వస్తారు" అంది. సరే తల్లీ అని ఊరుకున్నాను.

అలా కింది అర దగ్గర కూలబడ్డ పిల్లే మిరియం. ఏడో ఎనిమిదో ఏళ్లుంటాయి. అసలు పేరు వేరే ఉంది గానీ ఇంట్లో నాయనమ్మ పెట్టిన ముద్దుపేరది. చిన్నదీ, ఘాటుగా మాట్లాడేదీ అని. తండ్రికి కళ్లద్దాల షాపు. మొదటిరోజు ఆయన నా బల్ల ముందు నిలబడి, "చాలా మాట్లాడేదండీ. నోరు మూయించలేక చచ్చేవాళ్లం" అన్నాడు. ఆ పిల్ల ఆయన వేలు పట్టుకుని నా బల్ల మీద గడియారాన్ని చూస్తోంది.

జరిగింది ఇది. వానలో కారు జారి కాలవలోకి వెళ్లింది. నడుపుతున్నది ఈయనే. వెనక సీట్లో పిల్ల, ఆయన తల్లి. కిటికీలోంచి పిల్లని లాగాడు. ఆవిడ వైపు తలుపు బిగుసుకుపోయింది. ఎంత లాగినా రాలేదు, ఆవిడ అందులోనే పోయింది. పిల్ల తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఆస్పత్రి నుంచి వచ్చాక మాటలు ఒక్కొక్కటే తగ్గి, చివరికి పూర్తిగా ఆగిపోయాయి. స్కూల్లో పేరు పిలిస్తే పలకదు, పుస్తకం తెరవదు, కిటికీవైపే చూస్తుంది. ఈ పిల్ల మా వల్ల కాదు, తలకి దెబ్బ తగిలిన పిల్లల స్కూలుకి పంపండి, లేదా ఇక్కడే చదవగలదని రాయించుకు రండి అని హెడ్‌మిస్ట్రెస్ చెప్పేసింది. ఆ పిల్ల స్నేహితులు, ఆడుకునే చోటు, తెలిసిన ప్రపంచమంతా ఆ స్కూల్లోనే ఉంది. ఏం రాయాలన్నది వదిన చేతిలో ఉంది.

వదిన అన్నీ విని, "నాయనమ్మ సంగతి పాపకి ఏమని చెప్పారు?" అంది.

"ఆస్పత్రిలో ఉంది, బాగయ్యాక వస్తుంది అన్నాం మేడమ్. మీరు కూడా ఆ మాట ఎత్తకండి."

"ఎన్నాళ్లని ఆస్పత్రిలో ఉంచుతారు?"

"అది తప్ప మిగతావన్నీ బాగు చేయండి" అన్నాడాయన.

తలుపు సందులోంచి విన్న నాకే చిర్రెత్తుకొచ్చింది. కళ్లు మూసుకునే ఉంటాను, చూపు సరిచేయండి అని ఎవరైనా ఈయన షాపుకొస్తే ఏమంటాడో అడగాలనిపించింది. వదిన మాత్రం, "పరీక్షలు చేద్దాం. ఆ తర్వాత పాప ఇసుక గదిలోకి వస్తుంది. నేను ఎత్తను. పాప ఎత్తితే మాత్రం అబద్ధం ఆడను" అంది. ఆయన తల ఊపాడు. మాటే రాని పిల్ల ఏం ఎత్తుతుందిలే అనుకున్నట్టున్నాడు.

పరీక్షలు ఎటూ తేల్చలేదు. స్కాన్‌లో పెద్దగా ఏమీ లేదు. దిమ్మలు చకచకా పేర్చింది. చూసిన బొమ్మని తర్వాత గుర్తుంచుకుని గీసింది, చిన్న చిన్న గీతలతో సహా. నోటితో చెప్పాల్సిన చోట మాత్రం సున్నా. మధ్యమధ్యలో చూపు ఎటో వెళ్లిపోయేది. "మెదడుకి దెబ్బ అని రాసేయండి మేడమ్. ఆ దెబ్బ తగిలిన పిల్లల స్కూల్లోనే వేసేస్తాం" అని తండ్రి తొందరపెట్టేవాడు. వచ్చినప్పుడల్లా అదే పాట. దెబ్బయితే ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు కదా. ఆ మాట వదిన అనలేదు, నేనే అంటున్నాను.

ఇసుక గదిలో మిరియం ప్రతివారం ఒకటే ఆట ఆడేది. కింది అరలోంచి తలుపు ఊడిపోయిన ఎర్రకారు తీసేది. పై అరలోంచి నెరిసిన జుట్టు ముసలమ్మ బొమ్మని తెచ్చి కారులో కూర్చోబెట్టేది. ఇసుక పక్కకి తోసి, నీలం కనబడ్డ చోట కారుని పెట్టి, పైన ఇసుక కప్పేది. ఆ తలుపు లేని వైపు మాత్రం కప్పేది కాదు. అక్కణ్నుంచి ట్రే అంచుదాకా వేలితో ఒక బాట గీసి, దాన్ని చేత్తో మెత్తగా సాపు చేసి వెళ్లిపోయేది. వారం వారం నేను ఫోటో తీసి, కారుని తవ్వి తీసి, కింది అరలో పెట్టేదాన్ని. మాట లేదు, ఏడుపు లేదు. "ఏమైనా తేలిందా?" అంటే, "పని చేసుకుంటోంది, చేసుకోనీ" అనేది వదిన. ఈవిడకీ ఆ పిల్లకీ తేడా ఏమిటో నాకర్థం కాలేదు, ఇద్దరూ నోరు విప్పరు.

ఇలా ఉండగా మా అమ్మ దిగింది.

మా అమ్మ గురించి చెప్పాలంటే, ఆవిడ కంట పడ్డ విరిగిన వస్తువు విరిగినట్టు ఉండదు. గొడుగు పుల్లలు, కుర్చీ కాళ్లు, కళ్లజోళ్ల కాడలు, అన్నీ అతికిస్తుంది, కడుతుంది, కుడుతుంది. చిన్నప్పుడు నా పలక మూడు ముక్కలైతే అతికించి ఇచ్చింది, దానిమీద ఏ అక్షరం రాసినా రెండుచోట్ల ఎగిరి గంతేసేది. చేసే మేలుకి అడ్డం వస్తే ఊరుకోదు. ఆ రోజు వదిన ఏదో మీటింగుకి వెళ్లింది. ఇంట్లో తోచడంలేదని అమ్మ నాతో వచ్చింది. నేను ఫోనులో ఒక తల్లికి దారి చెబుతున్నాను. ఆవిడ ఎడమకీ కుడికీ తేడా ఒప్పుకోని మనిషి. నేను ఆ ఫోను పెట్టేసరికి అమ్మ ఇసుక గదిలో కింది అర ముందు కూర్చుని, జిగురు సీసా మూత బిగిస్తోంది.

"ఏం చేశావమ్మా?"

"ఏం చేస్తాను, పిల్లలాడుకునే బొమ్మలు ఇంత దరిద్రంగానా ఉంచేది? ఆవుకి తోక పెట్టాను. ఇంటికి కప్పేశాను. ఆ కారుకి తలుపు ఊడిన ముక్కల డబ్బాలోనే పడుంటే పెట్టేవాళ్లే లేరు. అతికించేశాను, ఇక ఊడదు చూడు."

కారు చేతిలోకి లాక్కున్నాను. పీకి చూశాను. మా అమ్మ అతుకు, వస్తుందా? గోరు విరిగింది గానీ తలుపు కదల్లేదు. వదినకి ఫోను చేస్తే తీయదు. ఈలోపు మెట్లమీద అడుగుల చప్పుడు. వదిన వస్తూనే ఉంది, ఆవిడ వెనకే కళ్లద్దాలాయన, మిరియం. నేను కళ్లతో సైగ చేస్తున్నాను, చేతులతో సైగ చేస్తున్నాను. "మెడ పట్టేసిందా?" అని అడిగి పిల్లతో లోపలికి వెళ్లిపోయింది మహాతల్లి.

కాసేపటికి వినబడ్డ గొంతు నేనెప్పుడూ విననిది.

"తలుపు మూసేశారు! ఎవరు మూశారు? నాయనమ్మ ఎలా వస్తుంది?"

తండ్రి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. లోపల పిల్ల అరుస్తూనే ఉంది. నాయనమ్మ ఆస్పత్రిలో లేదు, ఉంటే నన్ను తీసుకెళ్లేవాళ్లు, కారులోనే ఉండిపోయింది, కారు ఎక్కడుందో ఎవరూ చెప్పరు, తలుపు తీసే ఉంచాలి, దారి తీసే ఉంచాలి. ఇన్నాళ్ల మాటలూ ఒక్కసారే వచ్చి పడుతున్నాయి. వదిన గొంతు మెల్లగా, "నాయనమ్మ గురించి ఎవరినైనా అడిగావా?" అంది.

"అడిగితే అందరూ ఏడుస్తున్నారు. అందుకే మానేశాను."

తండ్రి విన్నాడు. అందరం విన్నాం. ఆయన లోపలికి వెళ్లి పిల్లని ఎత్తుకుని, ఎవరి ముఖం చూడకుండా మెట్లు దిగిపోయాడు.

ఆ సాయంత్రం మా ఇల్లు చూడాలి. వదిన కోపం వస్తే అరవదు, గిన్నెలు తోముతుంది. తోమినవే తోముతోంది. అమ్మ వెనకే నిలబడి, "మాట వచ్చింది కదమ్మాయ్, నా జిగురు వల్లే కదా" అంది. గిన్నె సింకులో పడింది.

"అత్తయ్యా, దాన్ని నయం చేయడం అనకండి. ఆ పిల్ల తనంతట తాను ఆ తలుపు దగ్గరికి వస్తుందని వారాల తరబడి మోకాళ్లు అరగదీసుకుని కూర్చున్నాను. వెనకనుంచి వచ్చి తోసేశారు మీరు. ఇప్పుడది ఇంట్లో ఏమైపోతోందో, వాళ్లు ఏం చెప్పి నోరు మూయిస్తున్నారో నాకు తెలీదు!"

"విరిగినవి అలాగే ఉంచుకోవాలని నాకెవరు చెప్పారు?" అని అమ్మ అలిగి పడుకుంది. ఇద్దరూ చెరో గదిలోంచి నన్నే పిలిచి చెప్పుకోవడం మొదలెట్టారు. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో ఆ వారమంతా నన్ను చూస్తే తెలిసేది.

కళ్లద్దాలాయన పిల్లని తీసుకురావడం మానేశాడు. ఫోను చేస్తే ఎత్తడు. ఒకసారి ఎత్తి, "ఆ కాగితం ఒక్కటి పంపించండి మేడమ్, మెదడుకి దెబ్బ అని. చాలు" అన్నాడు. వదిన ఫోను నా చేతిలోంచి లాక్కుంది. "రాయను. పాపకి అన్నీ గుర్తున్నాయి. మీ అందరికన్నా బాగా గుర్తున్నాయి. మెదడు పాడైందని రాస్తే ఆ పిల్ల జీవితాంతం ఆ కారు పక్కనే కాపలా కూర్చుంటుంది. మీరు చెప్పండి. చెప్పడం రాకపోతే ఇక్కడికి రండి, ఇద్దరం కలిసి చెబుదాం." ఫోను పెట్టేసి, అసలు జన్మలో మళ్లీ తండ్రుల్ని చూడను, పిల్లల్ని మాత్రమే చూస్తాను అని నా మీద విసుక్కుంది. నేనేం చేశాను?

ఆయన వచ్చాడు. ఎప్పుడో కాదు, ఆ వారాంతానికే. గడ్డం మాసి ఉంది, ఆ మనిషి కళ్లజోడే తుడుచుకోలేదు. పిల్ల వేలు పట్టుకుని ఉంది. వదినతో కలిసి ముగ్గురూ ఇసుక గదిలోకి వెళ్లారు. తలుపు చాలాసేపు మూసే ఉంది. మధ్యలో ఆయన గొంతు పగిలినట్టు వినబడింది, "నేను లాగాను రా, చాలా లాగాను, రాలేదు" అని. నేను ఫోను తీసి పక్కన పెట్టేశాను. ఆ వేళ ఎడమా కుడీ చెప్పే ఓపిక నాకు లేదు.

తర్వాత వదిన తలుపు తీసి తల బయట పెట్టింది. "అత్తయ్యని తీసుకురా."

"ఎందుకు?"

"ఎవరు అతికించారో వాళ్లే తీయాలట. పాప అడుగుతోంది."

అలక మీద ఉన్న అమ్మని బతిమాలి తెచ్చేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. గది గుమ్మంలో అమ్మ ఆగిపోయింది. మిరియం ఎర్రకారుని రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి గానీ గొంతు గట్టిగానే ఉంది.

"ఇది నువ్వేనా అతికించావ్?"

"నేనే తల్లీ."

"తీసెయ్."

మా అమ్మ జీవితంలో అతికించినదాన్ని విరిచి ఎరగదు. నావైపు చూసింది, వదినవైపు చూసింది. ఎవరూ సాయం రాలేదు. స్టూలు మీద కూర్చుని కారుని ఒళ్లో పెట్టుకుంది. గోటితో కాలేదు, చెంచా కాడ అడిగింది. "గట్టిగా పెట్టేశానమ్మా, బాగుంటుందనుకున్నాను" అంటోంది. పిల్ల ఆ చేతుల మీద కళ్లు తీయకుండా చూస్తోంది. టక్కుమని తలుపు ఊడి నేలమీద పడింది.

మిరియం కారు తీసుకుని, ముసలమ్మని అందులో కూర్చోబెట్టి ట్రేలో పెట్టింది. ఈసారి ఇసుక కప్పలేదు. రెండు వేళ్లతో ముసలమ్మని బయటకి తీసి, వేలితో బాట గీసి, దాని వెంట నడిపించుకుంటూ అంచుదాకా తీసుకొచ్చింది. అక్కడ పడుకోబెట్టి, చుట్టూ ఇసుక దగ్గరికి లాగి, ముఖం మాత్రం కనబడేలా ఉంచింది. తర్వాత తండ్రివైపు తిరిగింది.

"నాయనమ్మకి నొప్పి పుట్టిందా?"

ఆయన రెండు చేతుల్లో ముఖం దాచుకుని భోరుమన్నాడు. మళ్లీ ఏడ్చారు, మళ్లీ ఈ పిల్ల నోరు మూసుకుంటుంది, ఇంతటితో సరి అనుకున్నాను. వదిన స్టూలు అంచుకి జరిగింది గానీ లేవలేదు.

మిరియం అరల పక్క బల్ల మీదున్న కాగితపు రుమాళ్ల డబ్బా తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది. ఇసుక చేతులతోనే ఆయన మోకాలి మీద చెయ్యి వేసి పక్కన కూర్చుంది.

"ఏడవడం అయ్యాక చెప్పు నాన్నా" అంది. "నేనిక్కడే ఉంటాను."